తెల్ల గడ్డల కింది ఏరు

కరీంనగర్ వైపు వెళ్తున్నానంటే మా కాలేజీలో అందరూ వేములవాడకా అని అడిగారు. కాదంటే, మరి ధర్మపురికా అన్నారు. అదీ కాదంటే జాలిగా చూశారు. దేవుడి మొక్కు లేకుండా, పెళ్లి పిలుపు లేకుండా, యాభైకి దగ్గరపడ్డ ఆడది సంచిలో చిన్న గునపం పెట్టుకుని అంత దూరం ఎందుకు పోతుందో వాళ్లకు అంతుపట్టలేదు. మట్టి చూడ్డానికి అని చెప్పాను. మన ఊళ్లో మట్టి లేదా అని ప్రిన్సిపాలుగారు నవ్వారు.

ఉంది. ఆ మాటకొస్తే మా కోనసీమలో మట్టి తప్ప ఇంకేమీ లేదు. పుట్టి బుద్ధెరిగాక మా పొలాల్లో పిడికెడంత రాయి నేను చూడలేదు. ఆ మట్టంతా గోదావరి పైనుంచి మోసుకొచ్చి పోసిందే. పైన ఏ కాలంలో, ఎలాంటి వానలకు అది కొట్టుకొచ్చిందన్నదే నా గొడవ. నేను భూగోళం పాఠాలు చెబుతాను. నా నమ్మకం ఇది: మనుషుల లెక్కకందనంత వెనకటి కాలంలో అక్కడ పెద్ద వానలుండేవి. ఏరులు గులకరాళ్లను దొర్లించుకుంటూ పారేవి. తర్వాత వానలు తగ్గాయి. నీరసించిన ఏరులు ఆ గులకరాళ్ల మీద పసుప్పచ్చటి ఒండ్రు పరిచాయి. ఆ ఎండు కాలంలోనే మట్టిలోని సున్నం ముద్దకట్టి తెల్లటి గడ్డలయింది. మళ్లీ వానలు పుంజుకున్నాక ఏరు తను పరిచిన మట్టినే కోసుకుంటూ కిందికి దిగిపోయింది.

తెల్ల గడ్డలు చాలా చోట్ల చూశాను. వాటి కింద గులకరాళ్లు ఉండాలి. కాని పైనొకటి కిందొకటిగా, ఉన్నచోట ఉన్నట్టుగా, ఒక్కసారీ నా కంటబడలేదు. కంటబడనంత కాలం నేను చెప్పేదంతా వట్టి ఊహే. ఇది ఎనభై ఐదో సంవత్సరం మాట. శివరాత్రి వెళ్లిపోయి, ఎండలు ముదరక ముందు బయల్దేరాను.

అంతకుముందు తిరుగుళ్లన్నిటికీ కామేశ్వరి నాతో వచ్చేది. మా కాలేజీలోనే చరిత్ర చెబుతుంది. నేను మట్టి తవ్వుతుంటే తను గట్టు మీద కూచుని మరమరాలు తింటూ నన్ను వెక్కిరించేది. ఈసారి మోకాళ్ల నొప్పులంది. మనవరాలి అన్నప్రాశన కూడా అంది. ఒక్క ప్రయాణానికి రెండు సాకులు చెప్పిందంటే అసలు కారణం ఇంకేదో ఉందన్నమాట. నాతో విసిగిపోయింది. ఆ సంగతి నాకు బస్సులో, పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడు బాగా తెలిసింది.

కరీంనగర్

బస్టాండు దగ్గరి లాడ్జిలో గది అడిగితే గుమాస్తా నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. ఎవరన్నా వస్తున్నారా అన్నాడు. ఎవరూ రారన్నాను. అయితే గది లేదన్నాడు. అతని వెనక గోడకు తాళంచెవులు గుత్తులుగా వేలాడుతున్నాయి. నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఆ తాళంచెవులు ఏ దయ్యాలకో చెప్పమన్నాను. మనుషులు పోగయ్యారే తప్ప గది మాత్రం రాలేదు.

ఆ పోగైన వాళ్లలో పక్క బట్టల దుకాణం సలీం సాబు ఒకాయన. గొడవంతా విని, దుకాణం వెనకే తన ఇల్లని, తల్లి పగలంతా ఒక్కతే ఉంటుందని, అక్కడ దిగమని చెప్పాడు. వెళ్లాను. ఆ పెద్దావిడ నా గునపాన్ని చూసి జడుసుకోలేదు గాని, పెళ్లి కాలేదంటే మాత్రం జడుసుకుంది. ఎందుకు చేసుకోలేదంది. ఎవరూ అడగలేదన్నాను.

"వాళ్లు అడగకుంటె నువ్వన్న అడగాలె గద బిడ్డా," అంది, నా కంచంలో ఇంకో గరిటె వడ్డిస్తూ.

ఇన్నేళ్లలో ఆ సలహా నాకెవరూ ఇవ్వలేదు. పొద్దున్నే వేడివేడి ఖిచిడీ, మీద ఖట్టా అనే చింతపండు పులుసు పెట్టింది. మా ఇళ్లలో పొద్దుటి పూట అన్నమంటే చద్దన్నమే. తెల్లారగానే పొయ్యి వెలిగించి పొగలు కక్కే అన్నం వండుకోవడం నాకు కొత్త. కడుపు నిండిన తర్వాత ఆమె ఎదురుగా కూచుని, మళ్లెప్పుడొస్తావంది. వస్తానన్నాను గాని, ఒకసారి దిగిన ఇంటికి నేను మళ్లీ పోవడం అరుదు.

మానేరులో నీళ్లు సన్నగా ఒక పక్కన పారుతున్నాయి. మిగతాదంతా ఇసుకే. ఆడవాళ్లు చేతులతో ఇసుక తోడి చిన్న గుంటలు చేసుకున్నారు. ఆ గుంటను చెలిమె అంటారు. కాసేపాగితే అడుగున నీళ్లు ఊరుతాయి. చిప్పతో తోడి, బట్ట అడ్డం పెట్టి బిందెలో పోసుకుంటున్నారు. నాకూ ఒకామె దోసిట్లో పోసింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఎండాకాలం నడిమధ్య కూడా ఇలాగే ఊరతాయా అని అడిగాను. ఇసుక ఉన్నన్నాళ్లు నీళ్లకేం ఫికర్ అని ఆమె అంది. అడగాల్సిన అవసరమే లేని సంగతి అడిగినట్టు ఆ పక్కనున్న వాళ్లు నవ్వారు.

సుల్తానాబాద్, పెద్దపల్లి

సుల్తానాబాద్‌లో బస్సు దిగగానే ఊక వాసన. రోడ్డు పక్కన వడ్లు ఆరబోసి ఉన్నాయి. చాయ్ అర్ధరూపాయి. మా వైపు కప్పులో సగమే పోస్తారు, ఇక్కడ తొణికి సాసర్లో పడేదాకా పోశారు. సాసర్లోది ముందు తాగాలట.

ఊరి బయట ఒక పొలంలో మట్టి కోసం తవ్విన పెద్ద గొయ్యి కనిపించి దిగాను. పైన నల్ల రేగడి. దాని కింద పసుప్పచ్చ ఒండ్రు. అందులో తెల్ల గడ్డలు, చిన్న చిన్న అల్లం కొమ్ముల్లా. ఇంకా కిందికి పోదామంటే గొయ్యి అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. ఉసూరుమంటూ పైన కనిపించినంతవరకే తవ్వి గుడ్డ సంచుల్లో నింపుతుంటే పొలం యజమాని వచ్చాడు. తలపాగా, తెల్ల ధోవతి. నేను సంచుల మీద రాసుకునే గుర్తులు చూసి ఆయన మొహం మారిపోయింది.

ఆ చుట్టుపక్కల బొగ్గు బావులున్నాయి. సంచులు పట్టుకున్న మనుషులు మొదట వస్తారు, యంత్రాలు తర్వాత వస్తాయి, ఆ తర్వాత పొలం ఉండదు. ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"కింద ఏమన్న ఉంటె చెప్పకు మేడం. ఏం లేదనే రాసుకో."

ఏమీ లేదు, పాత ఏటి మట్టి తప్ప అన్నాను. ఆయన ఒట్టేయమన్నాడు. వేశాను. ఆ సంతోషంలో ఇంటికి తీసుకుపోయి సర్వపిండి పెట్టించాడు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లిపాయ వేసి గిన్నెకు అంటించి కాలుస్తారు. మా దిబ్బరొట్టెకు దూరపు చుట్టం. నా జీవితంలో కింద ఏమీ లేదని చెప్పినందుకు ఒకరు విందు చేయడం అదే మొదలు.

పెద్దపల్లి బస్సులో కండక్టరు నా సంచులు పిసికి చూసి, మట్టి అని తెలిశాక కూడా లగేజీ టికెట్టు కొట్టాడు. మట్టికి టికెట్టేమిటంటే, బరువుందిగా అన్నాడు. బస్సంతా నవ్వింది. కామేశ్వరి ఉంటే నెల రోజులు ఈ ముచ్చట చెప్పుకు తిరిగేది. నవ్వి పక్కకు తిరిగితే ఎవరో ముసలాయన నోరు తెరిచి నిద్రపోతున్నాడు.

పెద్దపల్లి నుంచి రైల్లో మంచిర్యాల. మధ్యలో గోదావరి వంతెన. అందరూ లేచి దండం పెట్టారు, చిల్లర విసిరారు. మా ఇంటి దగ్గర ఇదే గోదావరికి అవతలి ఒడ్డు ఆనదు. ఇక్కడ ఇసుక తిన్నెల మధ్య రెండు మూడు పాయలు. సొంత మనిషిని పరాయి ఊళ్లో చూసి పలకరించబోతే గుర్తుపట్టనట్టుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎదుటి సీట్లో ఆమె, కిటికీలోంచి నలుసు పడిందా అని అడిగింది. అవునన్నాను.

ఉట్నూరు దారి

జన్నారం దాటాక అడవి. బస్సు తప్పిపోయి జీపెక్కాను. పదిమంది పట్టేదాంట్లో ఎంతమంది ఎక్కారో జీపువాడికే తెలియదు. నా పక్కన ఒక గోండు ముసలమ్మ, ఒళ్లో బుట్ట, బుట్టలో కోడి. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. రాం రాం అంది, నేనూ రాం రాం అన్నాను. ఘాట్ రోడ్డు మొదలవగానే ఆమె తల నా భుజం మీద వాలింది. నిద్రపోయింది.

కదిలితే లేస్తుందేమోనని నేను కదల్లేదు. చెయ్యి తిమ్మిరెక్కింది. టేకు చెట్ల ఆకులు రాలి అడవంతా ఎండిన చప్పుడు. మా అమ్మ పోయాక నా భుజం మీద ఎవరూ తల పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడో ఒక మలుపులో జీపు ఆగింది. ముసలమ్మ దిగి, కోడిని సర్దుకుని, వెనక్కి తిరక్కుండా చెట్లలోకి వెళ్లిపోయింది. తిరిగి ఒకసారి చూస్తే బాగుండుననుకున్నాను. ఎందుకు చూడాలి, నేనెవరిని.

ఉట్నూరులో చిన్న హోటలు. జొన్నరొట్టె, ఎండుమిరపకాయల కారం. మా వైపు జొన్నలు పక్షులకు చల్లుతారని చెబితే హోటలాయన నొచ్చుకున్నాడు. ఆ నొప్పి తీరేలా ఇంకో రొట్టె అడిగి తిన్నాను. సంచుల్లో చెమ్మ చేరిందని తెల్ల గడ్డల్ని బల్ల మీద ఆరబెట్టుకుంటే ఆయన ఒకటి తీసి చూశాడు. తన చెల్లెలి మొగుడు లింగయ్య బావి తవ్వుతున్నాడని, అందులో ఇవే పడ్డాయని, అప్పట్నుంచీ ఆ ఇంట్లో పరేషానేనని చెప్పాడు. గడ్డల పొర ఎంత మందం ఉందని అడిగాను. మనిషి లోతు గడ్డలే వచ్చాయన్నాడు.

రొట్టె సగంలో వదిలి లేచాను.

లింగయ్య బావి

ఆ ఊరు గుట్టలు దిగాక, వాగు మైదానంలోకి వచ్చే చోట ఉంది. పేరు రాయను. దిగువ ఊళ్లకు కాలువ నీళ్లున్నాయి, పచ్చటి వరి కనబడుతూ ఉంటుంది. వీళ్లది మెరక. కాలువ ఎక్కదు. వాగు వీళ్ల చేల అంచునే పారుతుంది గాని, విరిగిపడ్డ మట్టీ పొదలూ కప్పేసిన నిలువు గట్టు కింద, తాటిచెట్టంత లోతున. ఒడ్డునే ఉండి నీళ్లు అందని ఊరు.

లింగయ్యకు నలభై ఉంటాయేమో. సన్నగా, బావి మట్టి రంగులోనే ఉన్నాడు. అతనూ అన్నా కలిసి ఉమ్మడి బావి మొదలుపెట్టారు. తెల్ల గడ్డలు తగిలేసరికి అన్న గడ్డపార భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆ గడ్డలు పడ్డాయంటే భూమి అడుగు వచ్చినట్టేనని అక్కడ అందరి నమ్మకం. కష్టం మట్టిపాలు చేసుకోవడం తనవల్ల కాదన్నాడట. అప్పట్నుంచీ లింగయ్య కింద తవ్వుతాడు, భార్య పోసవ్వ తట్ట నెత్తిన పెట్టుకుని మట్టిలో కోసిన మెట్ల మీదుగా పైకి మోస్తుంది. వాళ్లకు పిల్లల్లేరు. ఈ వేసవిలోగా జల పడకపోతే లింగయ్య బొంబాయి వెళ్లాలి, కూలికి. ఆ ఊరి మగవాళ్లు సగంమంది అప్పటికే అక్కడున్నారు.

"ఆయన పోతె ఇంట్ల నేనొక్కదాన్నే అక్కా. రెండేండ్లకో మూడేండ్లకో వస్తరు పోయినోళ్లు. కొందరు రానే రారు," అని పోసవ్వ తట్ట దించుకుంటూ చెప్పింది.

నేను బావిలోకి దిగాను. గోడ నిండా నా పాఠం రాసి ఉంది. పైన రేగడి, కింద ఒండ్రు, దాని కింద తెల్ల గడ్డలు కరుడుకట్టి గచ్చులా. ఇది అడుగు కాదని లింగయ్యకు చెప్పాను. ఇది ఎండు కాలంలో పేరుకున్న సున్నం. దీని కింద పాత ఏరు దొర్లించిన గులకరాళ్లు ఉండాలి.

అతను గడ్డపార ఆనించుకుని నిలబడ్డాడు. "గులకరాళ్లుంటె ఏరు పారినట్టే గద?"

పారింది, చాలా పెద్ద ఏరు అన్నాను. కాని నీళ్ల సంగతి నేను చెప్పలేనన్నాను.

"ఏరు పారిన కాడ, ఇసుకల, నీళ్లుండకుంట ఎట్లుంటయక్కా?" అన్నాడు. వాగులో చెలిమె తీసి నీళ్లు తాగి పెరిగినవాడు. తోడితే ఊరని ఇసుకను పుట్టినకాడినుంచీ చూడనివాడు. నేను మాత్రం చూశానా? మా ఊళ్లో మోచెయ్యి లోతు తవ్వితే నీళ్లు. ఉండొచ్చు అన్నాను. మనసులో ఉంటాయనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు గులకరాళ్లే కావాలి.

వాళ్లింట్లోనే ఉండిపోయాను. రాత్రి జొన్నగట్క, అంటే జొన్నరవ్వ సంకటి, పచ్చిపులుసు. మా పచ్చిపులుసులో బెల్లం పడుతుంది, ఇక్కడిది నాలుక కోసుకుపోయే పులుపు. పోసవ్వ పక్కన చాప మీద పడుకున్నాను. బావిలో నీళ్లు పడితే మొదట మిరపనారు పోస్తానంది, తర్వాత పసుపు పెడతానంది, ఒక బర్రెను కొంటానంది. ఆ బర్రెకు పేరు కూడా పెట్టేసింది. నేను ఊ కొడుతూ విన్నాను. పక్కన మనిషి మాట్లాడుతుండగా నిద్రపోయి ఎంత కాలమైందో. పగలు నేనూ కొంగు దోపి తట్టలు అందించాను. నడుం విరిగింది గాని, ఆ ప్రయాణంలో నేను ఒంటరిగా లేనిది ఆ ఇంట్లోనే.

అలా మూడు పొద్దులు గడిచాక, ఒక ఉదయం గడ్డపార చప్పుడు మారింది. ఠంగుమనేది గరగరమంది. లింగయ్య పైకి చూసి, రా అక్కా అన్నాడు.

దిగాను. తెల్ల గడ్డల పొర పగిలిన చోట, కింద గులకరాళ్లు. కోడిగుడ్లంతవి, కొబ్బరికాయలంతవి, ఎర్రవి, బూడిదరంగువి, గాజులా మెరిసేవి, పై గుట్టల్లోంచి దొర్లి దొర్లి నున్నబడినవి. ఒకదాని మీద ఒకటి ఒకే వైపుకు వాలి ఉన్నాయి. నీటి వేగం తోస్తే రాళ్లు అలా వాలతాయి. ఎన్ని వేల ఏళ్ల కిందటి వరదో అది, ఎటునుంచి ఎటు పారిందో చేత్తో తడిమి చెప్పొచ్చు. మోకాళ్ల మీద కూచున్నాను. నాకు ఒక్కసారిగా ఏడుపూ నవ్వూ వచ్చాయి. ఇన్నేళ్లు ఇది ఉంటుందని చెబుతూ వచ్చాను, ఉంది.

పైనుంచి పోసవ్వ నా మొహం చూసింది. తట్ట కింద పెట్టేసి, రెండు చేతులూ జోడించింది.

"జల పడ్డదా అక్కా?"

అప్పుడు రాళ్ల సందుల్లోకి చెయ్యి పెట్టాను. వేళ్లకు పొడి ఇసుక తగిలింది. ఇంకా లోపలికి పెట్టాను. పొడి ఇసుకే. లింగయ్య నా పక్కనే మోకాళ్ల మీద కూచుని రెండు చేతులతో రాళ్లు తోడడం మొదలుపెట్టాడు. రాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటూ గలగలమన్నాయి గాని తడి లేదు. చాలాసేపు తోడాడు. అడుగున నల్లటి రాతి నేల కనిపించేదాకా తోడాడు.

కారణం నా ఎదుటే ఉంది. గులకరాళ్ల పొర ఇక్కణ్నుంచి వాగు గట్టుదాకా పోతుంది. గట్టు నిలువునా తెగిపోయి ఉంది. ఈ రాళ్లలోకి దిగిన ప్రతి వాన చుక్కా ఆ తెగిన అంచులోంచి వాగులోకి జారిపోతుంది. వానలు మళ్లీ బాగా కురిసిన కాలమే వాగును కిందికి కోసి ఈ చేనును పైన ఒంటరిగా వదిలేసింది. పిల్లలకు ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పాను, దీని అర్థం ఇదని నాకు ఆ బావిలో తెలిసింది.

లింగయ్య ఇంకా తవ్వితే అన్నాడు. ఇక అంతా రాయే, నీళ్లు లేవని చెప్పాను. ఎన్నడు పోయినయి అని అడిగాడు. ఇక్కడ మనుషులు లేనప్పుడే అన్నాను. అతను ఆ రాళ్ల మీదే కూచున్నాడు.

"మా అన్న చెప్పింది తప్పే," అన్నాడు. "అయినా గాయనే గెలిచిండు."

నేను మెట్లెక్కి పైకొచ్చాను. సంచులు గట్టు మీద ఉన్నాయి. వాటి వైపు చూడలేకపోయాను.   పోసవ్వ గుట్టల వైపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, నా ఖాళీ సంచి ఒకటి తీసుకుని బావిలోకి దిగింది. రమ్మని నన్ను పిలిచింది. దిగాను. ఆమె సంచి మూతిని రెండు చేతులతో వెడల్పుగా తెరిచి పట్టుకుంది.

"గిందుకే గద అంత దూరం కెంచి వచ్చినవు. పోసుకో."

ఒక దోసెడు పోశాను. చాలన్నాను. ఆమె సంచి మూయలేదు.

"ఇంక జర పోసుకో అక్కా. ఇగ మాకేం పని వీటితోని."

పోసుకున్నాను.